తోటలో వంటకు ఏ పొయ్యి?

సందేహం: ఈ మే నెలలో నూజివీడు దగ్గర మా మేనమామగారి మామిడి తోటలో రెండు రాత్రులు గుడారం వేసుకుని ఉందామనుకుంటున్నాం. చికెన్ కాల్చుకోవడానికి బొగ్గుల గ్రిల్ కొనాలా, గ్యాస్‌దా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: గ్యాస్‌దే కొనండి. మే నెలలో చెట్ల కింద ఎండుటాకు మందంగా పరుచుకుని ఉంటుంది. వడగాలికి ఒక్క నిప్పురవ్వ ఎగిరినా తోట అంటుకుంటుంది. గ్యాస్ పొయ్యి చెవి తిప్పగానే ఆరిపోతుంది. 5 కిలోల చిన్న సిలిండర్ మీ రెండు రోజులకు ఎక్కువే. దాని నెత్తిన బర్నర్ బిగించే రకం వద్దు, బరువైన గిన్నె పెడితే ఒరిగిపోతుంది. రెగ్యులేటర్, గొట్టం ఉన్న విడి పొయ్యి తీసుకోండి. వంటగ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే పల్లంలో పేరుకుంటుంది. సిలిండర్‌ను గుంటలోనో గుడారంలోనో పెట్టకండి. చేతి డబ్బాల బ్యూటేన్ పొయ్యి అయితే, ఆ డబ్బాలను ఎండలో నిలిపిన కారులో వదలకండి. 50 డిగ్రీల వేడి దాటితే అవి పేలే ప్రమాదముంది.

బొగ్గు రుచే కావాలంటే, కాళ్లున్న గ్రిల్‌ను చెట్లకు దూరంగా బోడినేల మీద పెట్టండి. చుట్టూ ఆకు ఊడ్చి, బకెట్టు నీళ్లు దగ్గరుంచుకోండి. బొగ్గుల మీద తెల్లటి బూడిద పట్టాకే ముక్కలు వేయండి. అప్పటికి పొగ తగ్గి సెగ సమంగా ఉంటుంది. పడుకునే ముందు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి. బూడిద కింద నిప్పు తెల్లారేదాకా బతికే ఉంటుంది. ఎంత వాన పడినా సరే, కుంపటిని గుడారంలోకి తీసుకెళ్లొద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

సందేహం: మామిడి కొమ్మలతో వండుకోవచ్చా? పొగ కాయలకు చేటు చేస్తుందా?
– ఒక పాఠకురాలు, ముసునూరు

సమాధానం: పచ్చి కొమ్మలు వద్దు. ఆ పొగకు కళ్లు మండుతాయి, అన్నం ఉడకదు. బాగా ఎండినవైతే ఫర్వాలేదు. పొగ విషయానికొస్తే, ఫిలిప్పీన్స్ రైతులు మామిడి చెట్ల కింద పొగ వేసి ముందే పూత రప్పించేవారు. అసలు చేటంతా సెగతోనే. చిన్నరసాల గుత్తులు నేలకు జానెడెత్తున వేలాడే చోట మంట పెడితే ఆకు మాడుతుంది, కాయ కమిలిపోతుంది. ఆ కాపును అప్పటికే ఏ వ్యాపారో కొనుక్కుని ఉండొచ్చు. పొయ్యి ఎక్కడ పెట్టాలో తోట కాపలాదారును అడగండి, రాత్రి గాలి ఎటు తిరుగుతుందో ఆయనకు తెలుసు.