టార్చిలైటు వెలుగు దూరము పోవుటకు చేయవలసిన మార్పులు

రాత్రివేళ కరెంటు వచ్చిన తోడనే మోటారు వేయుటకు పోవు రైతునకును, అడవిపందులనుండి వేరుసెనగ చేనిని కాచుకొను రైతునకును టార్చిలైటు కొడవలి వలెనే అవసరమగు పనిముట్టు. మంచెమీద కూర్చున్నవానికి చివరిగట్టు దాటివచ్చు పందులమంద కనబడనిచో, పంట పోయిన పిమ్మటగాని సంగతి తెలియదు. కావున చేతనున్న లైటునే సవరించి దాని వెలుగు మఱింత దూరము పోవునట్లు చేయు విధమును ఈ నెల సభ్యులకు తెలుపుచున్నాము.

ముందుగా ఒక విషయము గ్రహింపవలెను. వెలుగు మొత్తము వేఱు. అది పోవు దూరము వేఱు. పెట్టెమీద వ్రాసియుండు ల్యూమెనులు లైటునుండి వెలువడు మొత్తము వెలుగును తెలుపును. ఒక దిక్కునకు పోవు వెలుగు తీవ్రతను కాండెలాలతో కొలుతురు. కాండెలాల వర్గమూలమును రెట్టింపు చేసినచో, పున్నమి వెన్నెలపాటి వెలుగు ఎన్ని మీటర్లవఱకు పడునో తెలియును. 10,000 కాండెలాలకు 200 మీటర్లు. 40,000 కాండెలాలకు 400 మీటర్లు. అనగా దూరము రెట్టింపు కావలెనన్న తీవ్రత నాలుగింతలు కావలెను. కరెంటు హెచ్చించి వెలుగును రెండింతలు చేసినను దూరము ఒకటిన్నర రెట్లయినను కాదు. వేడి మాత్రము హెచ్చును, సెల్లు త్వరగా తఱుగును.

ఇక చేయదగిన మార్పులు.

మొదటిది శుభ్రత. ముందరి అద్దమును మెత్తని గుడ్డతో తుడువవలెను. లోపలి రిఫ్లెక్టరును మాత్రము తుడువరాదు. దానిపై పూత మిక్కిలి పలుచనిది, గీతలు పడినచో వెలుగు చెదరును. దుమ్మును గాలితో ఊదిన చాలును.

రెండవది ఎల్.ఇ.డి. నిలుచు చోటు. అది రిఫ్లెక్టరు నాభియందు సరిగా ఉండవలెను. రాత్రి దూరపు గోడమీద వెలుగు వేసి చూడుడు. నడుమ నల్లని మచ్చ కనబడినచో ఎల్.ఇ.డి. నాభికి తప్పియున్నదని తెలియవలెను. రిఫ్లెక్టరు క్రింద నుండు పట్టీ మందమును కొంచెము హెచ్చించియో తగ్గించియో, నడిమి వెలుగు చిన్నదై మిక్కిలి ప్రకాశించువఱకు సరిచేయవలెను. పట్టీని పూర్తిగా తీసివేయరాదు. లోహపు రిఫ్లెక్టరు టంకము పెట్టిన చోట్లకు తగిలినచో షార్టు అగును.

మూడవది ముఖ్యమైనది. వెలుగునిచ్చు బిందువు ఎంత చిన్నదై ఎంత కాంతివంతమైనచో, రిఫ్లెక్టరు ఎంత వెడల్పైనచో, వెలుగు అంత దూరము పోవును. అదే ఎల్.ఇ.డి.కి తగినట్లు రెండింతల వెడల్పుగల రిఫ్లెక్టరు అమర్చినచో దూరము సుమారు రెండింతలగును. ఎల్.ఇ.డి.ని మార్చువారు దాని పలకకును లైటు ఒడలికిని నడుమ వేడిని లాగు పేస్టు పూయవలెను. వేడి బయటికి పోనిచో వెలుగు తగ్గి, ఎల్.ఇ.డి. చెడిపోవును. టంకము పని తెలియనివారు తెలిసినవారిచేతనే ఈ పని చేయించుకొనుట మేలు.

లిథియము సెల్లు విషయమున జాగ్రత్త మఱువరాదు. 3.7 వోల్టుల సెల్లును 4.2 వోల్టులకు మించి ఛార్జి చేయరాదు. దానికి తగిన ఛార్జరునే వాడవలెను. ఉబ్బినదానిని, పైతొడుగు చినిగినదానిని వాడరాదు. గడ్డివాములచెంత ఛార్జికి పెట్టరాదు. అట్టి సెల్లు అంటుకొన్నచో పశువులపాకయు దక్కదు.

చివరిమాట ప్రాణమునకు సంబంధించినది. దూరము పోవు వెలుగు సన్ననిది. అది చివరిగట్టును చూపునుగాని కాలి ముందరి రక్తపింజరిని చూపదు. చూపు దూరపు వెలుగుకు అలవడినపుడు దగ్గరి చీకటి మఱింత చిక్కనగును. కావున గట్టుమీద నడచువారు వెలుగు పరచుకొను చిన్న లైటును వేఱుగా ఉంచుకొని, కాళ్లకు బూట్లు తొడిగి, చేత కఱ్ఱ పట్టుకొని పోవలెను. దూరపు లైటు మంచెమీదివానికి, దగ్గరి లైటు నడచువానికి. ఈ రెండింటి భేదము తెలిసినవాడు పంటను, ప్రాణమును రెంటిని కాపాడుకొనగలడు.