ఓవెన్ లేకుండా చోడి చాక్లెట్ ఉండలు: రెండో శనివారం మీ పిల్లలతో



అరకు వెళ్లిన పిల్లలు కాఫీ మ్యూజియంలో చాక్లెట్లు కొనిపించుకోకుండా బస్సెక్కరు. అలాంటివి ఇంట్లోనే చేయొచ్చా అని అడిగితే, చేయొచ్చు. అయితే ముందుగా ఒక మాట.

పిల్లలు ఫోనులో చూసే ‘కుకీ డో ట్రఫుల్స్’ వీడియోల్లో పచ్చి మైదా, వెన్న, చక్కెర కలిపి ఉండలు చుట్టి చాక్లెట్‌లో ముంచేస్తారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ పచ్చి మైదా నేరుగా తినేది కాదు. పొలం నుంచి ప్యాకెట్ దాకా దాన్ని ఎక్కడా ఉడికించరు కాబట్టి ఈ.కోలై, సాల్మొనెల్లా వంటి క్రిములు అందులో ఉండొచ్చు. 2016లో అమెరికాలో కలుషితమైన పిండి వల్ల 63 మంది జబ్బుపడ్డారు. ‘గుడ్డు వేయలేదుగా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. పొడిపిండిలో క్రిములు వేడిని బాగా తట్టుకుంటాయి. అందుకని బాణలిలో నాలుగు నిమిషాలు వేయించినా నమ్మకం లేదు. తడి తగిలిన వేడికైతే అవి త్వరగా చస్తాయి.

దీనికి మన కొండ ప్రాంతపు పంటే సరిపోతుంది. ఉత్తరాంధ్రలో చోళ్లు, కోస్తాలో రాగులు, తెలంగాణలో తైదలు. పేరేదైనా గింజ ఒకటే. వంద గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మైదాలో అందులో పదో వంతు కూడా ఉండదు.

ఒక కప్పు చోడి పిండి మీద ఉప్పు కలిపిన వేడినీళ్లు కొద్దికొద్దిగా చిలకరించండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేలితో తాకితే విడిపోవాలి. గుడ్డ పరిచిన ఇడ్లీ రేకుల్లో పదిహేను నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. తర్వాత మూడు చెంచాల నెయ్యిలో చిన్న మంట మీద తడి ఆరేదాకా, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. ఈ రెండు పనులూ పెద్దలవే. బాగా చల్లారాక అరకప్పు బెల్లం తురుము, పావుకప్పు జీడిపప్పు పొడి, సన్నగా తరిగిన చాక్లెట్ ముక్కలు రెండు చెంచాలు కలపండి. పిండి వేడిగా ఉండగా కలిపితే ముక్కలు కరిగి అంతా ఒకే రంగు అయిపోతుంది. ఇక పిల్లలకు అప్పగించండి. ఉసిరికాయంత ఉండలు పద్దెనిమిది దాకా వస్తాయి. అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి.

అసలు పాఠం పూతలో ఉంది. గిన్నెలో నీళ్లు కాగనిచ్చి, ఆ నీళ్లకు అడుగు తగలకుండా పైన మరో గిన్నె పెట్టి 200 గ్రాముల డార్క్ చాక్లెట్ కరిగించండి. అందులో ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్ గరుకుగా బిగుసుకుపోతుంది, ఎందుకంటే చక్కెర, కోకో రేణువులు ఆ తడికి ఒకదానికొకటి అంటుకుంటాయి. చెంచా తడి తుడవమని మీరు చెప్పేలోపు మీ పాపే కారణం చెబితే ఎంత బాగుంటుంది! కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి 37. నోట్లో పెట్టుకోగానే చాక్లెట్ కరిగేది అందుకే. విశాఖ మే నెల ఎండలో టిఫిన్ డబ్బాలో కరిగిపోయేదీ అందుకే. అరకు శీతాకాలంలో అయితే బల్ల మీదే గట్టిపడుతుంది, ఫ్రిజ్‌తో పని లేదు.

కొనేటప్పుడు లేబుల్ పిల్లల చేత చదివించండి. ‘కాంపౌండ్’ అని ఉంటే కోకో బటర్‌కు బదులు వేరే నూనె కొవ్వు వాడారన్నమాట. పూత సులువుగా ఆరుతుంది గానీ రుచి అంతంతే. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల నీడన కోకో పండుతుందని కూడా చెప్పండి, చాలామంది పిల్లలకు తెలియదు.

పెద్దల వాటాకు మాత్రం పిండిలో అరచెంచా అరకు కాఫీ పొడి కలపండి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ అరబికాను గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల పక్కన పండిస్తారు. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరుకుతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు కాఫీ వద్దు. డార్క్ చాక్లెట్‌లోనూ కొంత కెఫీన్ ఉంటుంది, కనుక వారికి రోజుకు రెండు ఉండలు చాలు.

పిండి ఆవిరి మీద ఉడికింది కాబట్టి ఎక్కువ రోజులు నిలవ ఉండవు. ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో తినేయాలి. పుట్టినరోజుకు క్లాసుకు పంపాలనుకుంటే డబ్బా మీద ‘జీడిపప్పు ఉంది’ అని పెద్ద అక్షరాలతో రాసి, క్లాస్ టీచర్‌కు ముందురోజే చెప్పండి. జీడిపప్పు పడని పిల్లలు తరగతిలో ఉంటే దానికి బదులు వేయించిన నువ్వుల పొడి వాడవచ్చా అని ఆ తల్లిదండ్రులనే అడగండి. నువ్వులు పడనివాళ్లూ ఉంటారు.