హేమంతంలో పెరటితోట

ప్రబంధాలలోని అష్టాదశ వర్ణనలలో ఋతువర్ణన ఒకటి. అందుచేత హేమంతం కవులకు ఇష్టమైన వస్తువయింది. పెరట్లో నాలుగు పాదులు పెట్టుకొన్న గృహస్థుకు మాత్రం అది పరీక్షాసమయం. మార్గశిర, పుష్య మాసాలలో ఒక్క రాత్రి చలికి రెండు నెలల శ్రమ వాడిపోవచ్చు. నిత్యం సంతలో కూరలు కొనగల స్తోమత ఉన్నవారికి అది చిన్న నష్టమే. పెరటి తోటకూర, వంకాయలే కూరకు ఆధారమైన ఇంటికి, వచ్చే ఏటి విత్తనం కోసం ఒకే ఒక సొరపాదును నిలుపుకొన్న ఇంటికి అది తీరని లోటు.

తెలుగునాట చలి అంతటా ఒక్కతీరుగా ఉండదు. సముద్రపు నీరు ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లబడుతుంది. అందువల్ల కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాలలో చలి మితంగా ఉంటుంది. కడలికి దూరమైన ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలలో రాత్రి ఉష్ణోగ్రత పలుమార్లు పది డిగ్రీల కంటె దిగువకు చేరుతుంది. తూర్పు కనుమలలో, చింతపల్లికి చేరువలో, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో కొన్ని సంవత్సరాలు అది సున్నా డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. అటువంటి వేళ గడ్డిపరకల మీది మంచు గడ్డకడుతుంది.

చలి ఎక్కడినుండో వచ్చి మొక్క మీద పడుతుందని సామాన్యంగా భావిస్తారు. చలిగాలులు వీచే మాట నిజమే. కాని తోటకు ఎక్కువ కీడు జరిగేది గాలి స్తంభించిన ప్రశాంతమైన రాత్రులలోనే. పగలు ఎండకు వేడెక్కిన నేల రాత్రివేళ ఆ వేడిని ఆకాశం వైపు విడిచిపెడుతుంది. మేఘాలున్న రాత్రి ఆ వేడిలో కొంత తిరిగి నేలకు చేరుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి అది నిరాటంకంగా వెళ్లిపోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. ఒకే పెరట్లో మెరక మీది మొక్క పచ్చగా ఉండి, పల్లంలోని మొక్క మాడిపోవడానికి కారణమిదే. కాబట్టి చలినుండి తోటను కాపాడడమంటే నేల పగలంతా కూడబెట్టుకొన్న వేడిని తెల్లవారేదాకా పోనీయకుండా నిలపడమే. తక్కిన ఉపాయాలన్నీ ఈ ఒక్క సూత్రానికి అనుబంధాలు.

అన్ని మొక్కలూ చలికి ఒకేవిధంగా లొంగవు. క్యాబేజి, కాలీఫ్లవర్, ముల్లంగి, బఠాణీ, మెంతికూర, కొత్తిమీర చల్లని వాతావరణాన్ని కోరుకొంటాయి. చిక్కుడు పొద్దు తగ్గే రోజులలో పూతకు వచ్చి, సంక్రాంతి నాటికి విరగకాస్తుంది. బెండ, వంగ, మిరప, టమాటా, బీర, సొర, తోటకూర వెచ్చదనాన్ని కోరేవి. రాత్రులు మరీ చల్లబడితే టమాటా పూత పిందె కట్టక రాలిపోతుంది. బెండ విత్తనం మొలకెత్తక నేలలోనే కుళ్లిపోవచ్చు. మంచు గడ్డకట్టేంత చలిలో ఆకులలోని నీరు కూడా గడ్డకట్టి కణాలను దెబ్బతీస్తుంది. మరునాడు ఎండ ఎక్కేసరికి ఆకులు ఉడికినట్లు మెత్తబడి నల్లబడతాయి.

సాయంకాలం ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడకపోతే ఆ రాత్రి చలి ముదురుతుందని గ్రహించాలి. అటువంటి సూచనలు కొనసాగుతున్న రోజులలో ఉదయమే పాదులు తడపాలి. తడినేల పొడినేల కంటె ఎక్కువ వేడిని నిలుపుకొంటుంది; లోపలి పొరలలోని వేడిని రాత్రివేళ పైకి అందిస్తుంది. చలికాలపు వేకువలో బావినీరు గాలికంటె వెచ్చగా ఉండడం అందరూ ఎరిగినదే. అయితే నీరు మొదట్లోనే పోయాలి. రాత్రంతా ఆకులు తడిగా ఉంటే తెగుళ్లకు తావిచ్చినట్లవుతుంది.

మొక్క మొదట్లో పరచిన ఎండుటాకులు, వరిగడ్డి వేళ్లను కాపాడతాయి. ఆకులను కాపాడాలంటే పైకప్పు కావాలి. నాలుగు కర్రలు నాటి, వాటిపై పాతచీర గాని, గోనెపట్టా గాని, తాటాకులు గాని కప్పితే చాలు. కప్పు ఆకులకు తగలకూడదు. అంచులు నేలదాకా దిగాలి. అప్పుడే నేల విడిచే వేడి లోపల నిలుస్తుంది. పొద్దు గుంకకముందే కప్పి, ఎండ వచ్చిన తరువాత తీసివేయాలి. పగలు కూడా కప్పి ఉంచితే నేలకు ఎండ తగలక, రాత్రికి దాచుకొనే వేడే ఉండదు. ఈశాన్యం వైపు జొన్నచొప్పతో దడి కడితే చలిగాలి తాకిడి తగ్గుతుంది. కుండీలను దక్షిణానికి ఎండ తగిలే గోడవారకు చేర్చాలి. పగలు వేడెక్కిన గోడ రాత్రి కొంత వెచ్చదనాన్ని ఇస్తుంది.

తోటలో చెత్త తగులబెట్టి పొగ పెట్టడం కొన్నిచోట్ల ఉన్న అలవాటు. నేల విడిచే వేడిని మేఘం అడ్డుకొన్నట్లుగా పొగ అడ్డుకోలేదు. అది ఇంటిలోని పసివారికి, వృద్ధులకు ఊపిరాడకుండా చేస్తుంది. ఆ చెత్తనే మొక్కల మొదట్లో పరిస్తే రెండు విధాల మేలు.

ఇంత జాగ్రత్త పడినా ఒక్కొక్కప్పుడు మొక్క దెబ్బతింటుంది. ఆకు నల్లబడగానే పెరికివేయడం తొందరపాటు. కాండం పచ్చిగా ఉంటే కొద్ది రోజులలో కొత్త చిగురు రావచ్చు. అంతవరకు ఎండిన కొమ్మలను కూడా తుంచరాదు. అవి లోపలి కణుపులకు కొంత మరుగునిస్తాయి. వెంటనే యూరియా వేస్తే లేతచిగుళ్లు పుట్టి, తరువాతి చలికి అవే ముందుగా బలియవుతాయి.

ఈ ఉపాయాలలో ధనంతో కొనవలసినది దాదాపు లేదు. పాతచీర, వరిగడ్డి, బావినీరు ప్రతి పల్లెలోనూ ఉన్నవే. కావలసినది సాయంకాలం ఒక్కసారి ఆకాశం వైపు చూసే అలవాటు, పొద్దు గుంకేలోగా పని ముగించే శ్రద్ధ. పేదఇంటి పెరడు పచ్చగా ఉండడం సంపదమీద గాక జాగరూకతమీద ఆధారపడి ఉన్నదన్న సంగతిని హేమంతం ఏటేటా గుర్తుచేస్తుంది.

అభ్యాసం

1. మేఘాలు లేని రాత్రులలో తోటకు ఎక్కువ నష్టం కలగడానికి కారణాలను వివరించండి.
2. చలినుండి మొక్కలను కాపాడడానికి పాఠంలో చెప్పిన ఉపాయాలను మీ మాటలలో రాయండి.
3. తోటలో పొగ పెట్టే అలవాటును రచయిత ఎందుకు అంగీకరించలేదు?
4. “పేదఇంటి పెరడు పచ్చగా ఉండడం సంపదమీద గాక జాగరూకతమీద ఆధారపడి ఉన్నది” – సమర్థించండి.