వర్షారణ్యంలో రెండు రాత్రులు: టాప్‌స్లిప్ నేర్పే పాఠం



మన బి. మల్లాపురం సేర్వరాయన్ కొండల అడుగున ఉంది. ఎండాకాలంలో ఇక్కడి అడవి ఆకు రాల్చి, ఎండిపోయి కనిపిస్తుంది. పాఠ్యపుస్తకంలో చదివే ఉష్ణమండల వర్షారణ్యం చూడటానికి అమెజాన్‌కు పోనక్కరలేదు. మన రాష్ట్రంలోనే, కోయంబత్తూరు జిల్లా ఆనైమలై కొండల్లో అది ఉంది. పొళ్లాచ్చి నుండి సుమారు 35 కి.మీ. దూరంలోని టాప్‌స్లిప్‌లో అటవీశాఖ వారి చిన్న బస ఇళ్లున్నాయి. అక్కడ రెండు రాత్రులు ఉంటే ఒక తేడా తెలుస్తుంది: మనిషి పెంచిన అడవి వేరు, తానుగా పుట్టిన అడవి వేరు.

టేకు అడవి కథ

19వ శతాబ్దంలో ఓడలకు, ఆ తర్వాత రైలు పట్టాల కింద వేసే దిమ్మెలకు ఆనైమలై టేకును విపరీతంగా నరికారు. కొండ మీది నుండి దుంగలను కిందికి జార్చేవారు. టాప్‌స్లిప్ అన్న పేరు అలా వచ్చింది.

హ్యూగో వుడ్ అనే ఆంగ్లేయ అటవీ అధికారి 1910, 1920 దశకాల్లో ఇక్కడి మౌంట్ స్టూవర్ట్‌లో ఒక చిన్న ఇంట్లో ఉంటూ ఈ అడవిని మళ్లీ నిలబెట్టారు. చెట్టును వేళ్లతో పెకలించకుండా, మొదలు మిగిల్చి నరికించారు. మోడు నుండి కొత్త చిగురు వచ్చేది. జేబులో టేకు గింజలు పోసుకొని, చేతికర్రతో నేలలో గుంటలు పొడిచి నాటుకుంటూ నడిచేవారని చెబుతారు. 1933లో మరణించిన ఆయన సమాధి ఆ చెట్ల మధ్యనే ఉంది.

కరియన్ సోలై

టాప్‌స్లిప్ దగ్గరే కరియన్ సోలై అనే సతతహరిత అరణ్యం ఉంది. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన పశ్చిమ కనుమల స్థలాల్లో ఇది ఒకటి. టేకు తోపులో ఎండాకాలం ఆకులు రాలి, నేల మీద ఎండ పడుతుంది. సోలైలో పైన ఎత్తైన చెట్ల గొడుగు, దాని కింద పొట్టి చెట్లు, తీగలు, అడుగున కుళ్లుతున్న ఆకులు ఉంటాయి. నేల తడి ఆరదు.

ఇక్కడ విత్తనాలు నాటేది పక్షులు, జంతువులే. హార్న్‌బిల్ పక్షి పండ్లు తిని గింజలను దూరంగా వదులుతుంది. ఆడపక్షి పెద్ద చెట్టు తొర్రలో చేరి, సన్నని సందు మిగిల్చి ద్వారం మూసుకుంటుంది. మగపక్షి ఆ సందులోంచి ఆహారం అందిస్తుంది. పెద్ద చెట్లు పోతే గూడు పోతుంది, గూడు పోతే గింజలు మోసేవారుండరు. ఒకే జాతి టేకును ఒక అధికారి పెంచగలిగారు. వందల జాతులున్న సోలైను అలా పెంచడం కష్టం. దగ్గరలోని వాల్పారైలో తేయాకు తోటల మధ్య మిగిలిన అడవి ముక్కలను బాగుచేసే పని 2000 తర్వాత మొదలైంది. అది ఏళ్ల తరబడి సాగే పని.

బసలో పాటించవలసినవి

1. బసకు అటవీశాఖ నుండి ముందే అనుమతి పొందండి.
2. చీకటి పడ్డాక గది దాటి వెళ్లకండి. ఏనుగులు, అడవి పందులు తిరుగుతాయి.
3. అడవిలోకి శాఖవారు పంపే మార్గదర్శితోనే వెళ్లండి. కాడర్, మలసర్ వంటి గిరిజనులకు ఈ దారులు తరతరాలుగా తెలుసు. వారు చెప్పేది రాసుకోండి.
4. వానల్లో జలగలు పడతాయి. ప్యాంటు అంచును మేజోళ్లలో దోపుకోండి. బట్టలు త్వరగా ఆరవు, ఒక జత ఎక్కువ ఉంచుకోండి.
5. తిండి బయట పెట్టవద్దు, ప్లాస్టిక్ వదలవద్దు.

మనకేమి సంబంధం?

ఆనైమలై అడవులు పట్టి ఉంచిన వాన నీరు పరంబికుళం–ఆళియార్ పథకం ద్వారా కోయంబత్తూరు, తిరుప్పూరు జిల్లాల పొలాలకు చేరుతోంది. కొండ మీద అడవి ఉంటేనే మైదానంలో పైరు. వాన కోసం ఎదురుచూసే మన జిల్లా పిల్లలకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

అభ్యాసం

1. మన ఊరి దగ్గరి కొండ అడుగున, ఏర్కాడు మీద కనిపించే చెట్లను పెద్దల తోడుతో చూసి, తేడాలు రాయండి.
2. పక్షులు లేకుంటే సోలై ఏమవుతుంది? ఐదు వాక్యాల్లో వివరించండి.
3. మీ ఇంటి బావి నీరు ఏ కొండ వాననుండి వస్తుందో పెద్దలను అడిగి తెలుసుకోండి.