సూదిమొనా, సీక్వెన్సింగా? రెండూ నేర్చుకోండి

జువాలజీ చదివితే లెక్చరర్ పోస్టు తప్ప ఇంకేముందని చాలామంది అడుగుతుంటారు. వాళ్లకు తెలియని దారి ఒకటుంది. చెరువుల్లో, బావుల్లో, నేల అడుగు నీటిలో బతికే మిల్లీమీటరు సైజు క్రస్టేషియన్లను ఏది ఏ జాతో గుర్తుపట్టే పని అది. సైక్లాప్స్, డాఫ్నియా, ఆస్ట్రకాడ్ వంటి ఈ ప్రాణులు రొయ్యలకూ పీతలకూ చుట్టాలే.

పనికిరాని చదువని తీసిపారేయకండి. ఒకప్పుడు దిగుడు బావుల నీళ్లు తాగినవాళ్ల కాళ్లలోంచి నారిపురుగు బయటికొచ్చేది. దాన్ని మోసింది సైక్లాప్సే. మన దేశం ఆ వ్యాధి నుంచి బయటపడిందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇప్పుడు కొత్త పురుగుమందు నీటి ప్రాణులకు ఎంత విషమో తేల్చాలంటే డాఫ్నియా పిల్లల మీద 48 గంటల పరీక్ష చేస్తారు. పరీక్ష మొదలుపెట్టేసరికి ఆ పిల్లలు పుట్టి 24 గంటలు దాటకూడదు. ఇలాంటి ల్యాబ్‌లు హైదరాబాద్ పరిసరాల్లోనూ ఉన్నాయి.

పనిలోకి వద్దాం. డయాప్టమస్ అనే క్రస్టేషియన్‌లో మగదాన్ని గ్లిసరిన్ చుక్కలో ఉంచి, మైక్రోస్కోప్ కింద సన్నని సూదులతో అయిదో జత కాళ్లను విడదీయాలి. కుడికాలి చివర కొక్కెంలా వంగిన గోరుంటుంది. ఆ గోరు తీరు, పక్క ముల్లు ఎక్కడ మొలిచింది, ఎంత పొడవుంది అన్నవాటిని బట్టే చాలాసార్లు జాతి తేలుతుంది. చూసినదాన్ని చూసినట్టు గీయాలి. చేయి వణకకుండా ఉండాలంటే నెలల సాధన కావాలి.

ఆకారం ఒక్కదాన్నే నమ్మితే దెబ్బతింటాం. డాఫ్నియా లుమ్‌హోల్ట్‌జై ఉన్న నీటిలో చేపల వాసన తగిలితే చాలు, దాని తలకూ తోకకూ పొడవాటి ముళ్లు పెరుగుతాయి. తెలియనివాళ్లు వేరే జాతి అనుకుంటారు. అచ్చం ఒకేలా కనిపిస్తూ జన్యువుల్లో వేరుపడే జాతులూ ఉన్నాయి. అక్కడే డీఎన్‌ఏ బార్‌కోడింగ్ అక్కరకొస్తుంది. సీఓఐ అనే ఒక్క జన్యువులోని దాదాపు 650 అక్షరాలతో జాతుల్ని వేరుచేయవచ్చని కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించింది. అంతకుముందు ఆయన ఏళ్లతరబడి డాఫ్నియాల మీదే పనిచేశారు. శాంపిల్‌ను ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ దెబ్బతింటుంది కాబట్టి 95 శాతం ఆల్కహాల్‌లో దాచాలి.

అయితే పోల్చడానికి సరైన పేరుతో ఉన్న సీక్వెన్స్ డేటాబేస్‌లో ముందే ఉండాలి. మన చెరువుల ప్రాణుల్లో చాలావాటికి అది లేదు. కంప్యూటర్ చూపిన దగ్గరి పేరునే రాసేసుకునే విద్యార్థులు ఎక్కువయ్యారు. అది తప్పు. బార్‌కోడింగ్‌కు కావలసిన పీసీఆర్ చేయగలవాళ్లు ఎందరో ఉన్నారు, అయిదో కాలు చూసి పేరు చెప్పగలవాళ్లే కరువు. ఆ రెండూ తెలిసిన మనిషిని ఏ ప్రాజెక్టూ వదులుకోదని నా నమ్మకం.

ఇందులో మనకు గొప్ప వారసత్వమే ఉంది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వై. రంగారెడ్డి కృష్ణా, గోదావరి ప్రాంతాల ఇసుకలో, గుహల్లో ఎన్నో కొత్త జాతుల్ని వెలికితీశారు. గుత్తికొండ గుహలో దొరికిన ఒక ప్రాణికి 2011లో పెట్టిన ప్రజాతి పేరు ఆంధ్రకోయిడెస్.

ఎమ్మెస్సీ జువాలజీ, ఆక్వాకల్చర్, బయోటెక్నాలజీ ఏది చదివినా ఇటు రావచ్చు. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 ఫెలోషిప్ ఉంటుంది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లో మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది. ఉన్నమాట చెప్పాలంటే పర్మనెంట్ పోస్టులు తక్కువే. ముందు ప్రాజెక్టు కొలువులు, తరవాత పీహెచ్‌డీ అనుకుని రండి.

ఈ వానాకాలం మీ ఊరి చెరువులో ప్లాంక్టన్ వల వేయండి. దొరికినవాటి బొమ్మలు గీయండి, శాంపిల్ ఆల్కహాల్‌లో దాచండి. ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు మార్కుల జాబితాతో పాటు ఆ బొమ్మల్ని కూడా జతచేయండి.