టీడీఎస్ తక్కువైతే సీసం లేనట్టేనా?

ప్రశ్న: మా బోరునీళ్ల టీడీఎస్ 300 చూపిస్తోంది. పైపులు, ఇత్తడి కుళాయిలు పాతవి. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. నీళ్లలో సీసం లేదని నమ్మొచ్చా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ అంకెను చూసి నమ్మకండమ్మా. టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుందే కానీ, ఏ లోహం ఉందో చెప్పదు. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదన్నది బీఐఎస్ ప్రమాణం. అంత స్వల్ప మోతాదు ఆ మీటరుకు అందదు.

దాన్ని పట్టే పద్ధతుల్లో స్ట్రిప్పింగ్ వోల్టామెట్రీ ఒకటి. ఎలక్ట్రోడుకు రుణ వోల్టేజీ ఇచ్చి, నీటిలోని సీసాన్ని కాసేపు దానిమీద పోగుచేస్తారు. తర్వాత వోల్టేజీ మారుస్తూ పోతే సీసం మళ్లీ కరుగుతుంది. అప్పుడు పుట్టే కరెంటును బట్టి మోతాదు లెక్కిస్తారు.

మీరు చేయాల్సినవి:
• ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబు ఇచ్చిన బాటిళ్లే వాడండి.
• రాత్రంతా పైపులో నిలిచిన నీటిని పొద్దున్నే మొదటి ధారలో పట్టండి. కొన్ని నిమిషాలు వదిలాక రెండో బాటిల్ నింపండి.
• మొదటిదాంట్లోనే సీసం ఎక్కువుంటే కుళాయిల్నీ పైపుల్నీ అనుమానించాలి. రెండింట్లోనూ ఉంటే బోరునూ అనుమానించాలి.
• మరిగిస్తే సీసం పోదు. ఫలితం వచ్చేదాకా తాగడానికి, వంటకు ఆర్వో నీళ్లు వాడండి.

సీసం పరిమితి దాటితే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరును కలిసి, రక్తంలో సీసం పరీక్ష చేయించండి.