పాల బిల్లు రోజే ఇంటి లెక్క
(సభ్యుల పాఠం)

నారాయణఖేడ్ ప్రాంతంలో పొద్దున్నే పాల కేంద్రం దగ్గర నిలబడితే మాకు తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది. "ఏం సార్, ప్రైవేటాయన దినాం పైసలు చేతుల పెడ్తడు. మీరేమో పదిహేను దినాలు ఆపుతరు. మా పైసలు మీ దగ్గరెందుకు?" అని సభ్యులు అడుగుతారు. అడిగిన వారిది తప్పు కాదు. పాలు వారివి, కష్టం వారిది, పైకం కూడా వారిదే. ఒకసారి ఇదే ప్రశ్న వచ్చినప్పుడు వరుసలో నిలబడిన ఒక పెద్దమ్మ మాకంటే ముందే జవాబు చెప్పింది. "దినాం ఇస్తే దినాం ఖర్చయితయి బిడ్డా. బిల్లు దినం ఒక్కసారి వస్తెనే దాణా బస్తా ఇంటికొస్తది" అన్నది.

ఇద్దరి మాటల్లోను నిజమున్నది. చిన్న రాబడి గల కుటుంబాలు పైకం ఎట్లా దాస్తాయి, ఎప్పుడు అప్పు చేస్తాయి, ఎవరిని నమ్ముతాయి అనే విషయాలపై ఇటీవలి దశాబ్దాలలో అర్థశాస్త్రజ్ఞులు అనేక దేశాలలో ఊరూరా తిరిగి లెక్కలు తీశారు. వాటిలో కొన్ని పాడికి సంబంధించినవి, కొన్ని మన తెలుగు జిల్లాలలోనే జరిగినవి. మన ఇంటికి పనికివచ్చే సంగతులను ఈ పాఠంలో చెప్పుకుందాము.

పెద్దమ్మ మాటే కెన్యా రైతు మాట

ఆఫ్రికా ఖండంలోని కెన్యా దేశంలో కియాంబు అనే పాడి ప్రాంతమున్నది. అక్కడి సహకార సంఘం పాల పైకాన్ని నెలకొకసారి ఇస్తుంది. చిల్లర వ్యాపారులు ఏ రోజుకారోజు నగదు ఇస్తారు, ధర కూడా తరచు ఎక్కువే ఇస్తారు. అయినా రైతులు సంఘానికి పాలు ఎందుకు పోస్తున్నారు? లొరెంజో కసబూరి, రొక్కో మాకియవెల్లో అనే ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్న తీసుకొని పరిశోధన చేసి, ఫలితాలను 2019లో ప్రకటించారు. రోజువారీ నగదుతో పాటు ఎక్కువ ధర చూపించినా చాలామంది రైతులు నెలకొకసారి వచ్చే పైకాన్నే కోరుకున్నారని తేలింది. ఏ రోజుకారోజు వచ్చిన చిల్లర చేతిలో నిలవదని, పెద్ద ఖర్చుకు ఒక్కమొత్తంగా పైకం కావాలని వారికి తెలుసు. అంటే సంఘం పాలు కొనడమే కాదు, వారి తరఫున పొదుపు కూడా చేసిపెడుతున్నది.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. మరి చిల్లర వ్యాపారి కూడా నెలకొకసారి ఇస్తానంటే సరిపోదా? సరిపోదు. నెల నిండేలోగా ఆయన కనబడకుండా పోతే ఏమిటి గతి అని రైతుల భయం. కనుక పైకం ఆపి ఇచ్చే అధికారం, నమ్మకం సంపాదించిన వారికే ఉంటుంది.

మన లెక్క చూద్దాము. సులువు కోసం రోజుకు 5 లీటర్లు, లీటరుకు 40 రూపాయలు అనుకుందాము. రోజుకు 200 రూపాయలు. ఈ 200 సాయంత్రానికి ఏమయిందో చాలా ఇళ్లలో చెప్పలేరు. పదిహేను రోజులకు ఒక్కసారే 3,000 వస్తే దాణాకు ఇంత, పిల్లల ఫీజుకు ఇంత అని పంచుకోవచ్చు. పైకం అదే, వచ్చే తీరులోనే తేడా.

బర్రె లాభమా, నష్టమా?

2013లో వెలువడిన ఒక పరిశోధన చాలామందిని ఆశ్చర్యపరచింది. ఉత్తర ప్రదేశ్ పల్లెలలో ఆవులు, బర్రెల మీద పెట్టిన పెట్టుబడికి ఏడాదికి ఎంత ప్రతిఫలం వస్తున్నదో లెక్క కట్టారు. ఇంటివాళ్ల కష్టానికి కూలి కూడా కలిపితే నూరు రూపాయలకు ఆవు మీద 64, బర్రె మీద 39 రూపాయల సగటు నష్టం తేలింది. ఇంటివాళ్ల కష్టాన్ని అసలు లెక్కలో వేయకపోతే ఆవు మీద 6 రూపాయల నష్టం, బర్రె మీద 13 రూపాయల లాభం వచ్చింది.

"అట్లయితే పాడి మానేయాలా?" అని తొందరపడవద్దు. ఈ లెక్క ఒక్క ఏడాదిది. దీనికి జవాబుగా ఒరాజియో అటనాసియో, బ్రిట్టా ఆగ్స్‌బర్గ్ అనే పరిశోధకులు మన అనంతపురం జిల్లా పల్లెలలో మూడు సంవత్సరాల లెక్కలను పరిశీలించారు. మూడింటిలో ఒక ఏడాది ప్రతిఫలం చాలా ఎక్కువగా వచ్చింది. కరువు ఏడాదిలో మాత్రం ఉత్తర ప్రదేశ్ లెక్కలకు దగ్గరగానే నష్టం కనబడింది. వాన పడితే గాసం ఉంటుంది, గాసముంటే పాలుంటాయి. వాన లేకపోతే గాసం కొనాలి, పాలు తగ్గుతాయి.

మంజీర నది దగ్గరలోనే పారుతున్నా వాన మీదే ఆధారపడిన చేలు నారాయణఖేడ్ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. కనుక అనంతపురం పాఠం మనది కూడా. బర్రె ఒక బ్యాంకు వంటిదే గాని, ఈ బ్యాంకు ప్రతి ఏడాది ఒకే వడ్డీ ఇవ్వదు. మంచి ఏడాది వచ్చిన లాభంలో కొంత దాచిపెట్టిన ఇల్లే కరువు ఏడాదిని దాటుతుంది. దాచని ఇల్లు కరువులో బర్రెను సంతకు తోలుతుంది. అందరూ ఒకేసారి తోలితే ధర పడిపోతుంది. వట్టిపోయిన నెలల సంగతీ ఇంతే. పాలు ఉన్నప్పుడు పక్కన పెట్టిన పైకమే పాలు లేనప్పుడు దాణా అవుతుంది.

అప్పు అందరికీ మందు కాదు

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1951-52లో, దేశవ్యాప్తంగా గ్రామీణ రుణ సర్వే జరిగింది. పల్లె కుటుంబాలు చేసిన అప్పులో సుమారు 70 శాతం వడ్డీ వ్యాపారుల నుంచి, 3 శాతం మాత్రమే సహకార సంఘాల నుంచి వచ్చినట్లు తేలింది. తరువాత 1969లో 14 పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాయి. 1977 నుంచి 1990 వరకు ఒక నియమం అమలులో ఉండేది. బ్యాంకున్న చోట ఒక కొత్త శాఖ తెరవాలంటే బ్యాంకు లేని చోట్ల నాలుగు శాఖలు తెరవాలి. ఈ నియమం వల్ల పల్లెలలో పేదరికం తగ్గిందని బర్జెస్, పాండే అనే పరిశోధకులు 2005లో తేల్చారు. మన పాత మెదక్ జిల్లాలో పనిచేసిన మంజీర గ్రామీణ బ్యాంకు ఆ కాలంలో వచ్చినదే. అది 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసింది. 2025 నుంచి ఆ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో ఉన్నాయి.

బ్యాంకు దగ్గరకు రావడం మంచిదే. కాని అప్పు దొరకడమే బాగుపడడం కాదు. హైదరాబాదులోని 104 బస్తీలలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. చీటీ వేసి సగం బస్తీలను ఎంపిక చేసి, వాటిలో సూక్ష్మరుణాలు ముందుగా ఇచ్చారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు ఆ ఫలితాలను 2015లో ప్రకటించారు. అప్పు దొరికిన బస్తీలలో ఎక్కువ కాలం నిలిచే సామాను కొనడం పెరిగింది. టీ, పొగాకు వంటి ఖర్చు తగ్గింది. ఇంతవరకు మంచిదే. కాని ఇంటి మొత్తం వాడకంలో, పిల్లల చదువులో, ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. వ్యాపారాలలో కూడా లాభం పెరిగింది ముఖ్యంగా ముందునుంచే బాగా నడుస్తున్న కొద్దిమందికి.

దీని అర్థమేమంటే, మేపే వసతి, చూసుకునే మనిషి ఉన్న ఇంటికి అప్పు అక్కరకు వస్తుంది. గాసం లేని ఇంటికి రెండో బర్రె రెండో బరువే.

వడ్డీ లెక్క కూడా నోటితో కాకుండా పలక మీద వేయాలి. "నూటికి మూడు" అంటే చిన్నగా వినబడుతుంది. అది నెలకు మూడు, అంటే ఏడాదికి 36. నలభై వేలు తెస్తే ఏడాదికి 14,400 రూపాయల వడ్డీ. అదే పైకం ఏడాదికి నూటికి 12 చొప్పున దొరికితే వడ్డీ 4,800. తేడా 9,600 రూపాయలు. లీటరు 40 లెక్కన ఇది 240 లీటర్ల పాలు. రోజుకు 5 లీటర్లు ఇచ్చే బర్రె 48 రోజుల పాలు షావుకారుకు పోసినట్లే. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 బడ్జెటులో పశుపోషకులకు కూడా వర్తింపజేశారు. అప్పు అవసరమైనవారు ముందు ఆ సంగతి బ్యాంకులో అడగాలి.

నమ్మకానికి విలువ ఎంత?

2003లో మహబూబ్‌నగర్ జిల్లా రైతులకు వర్షాధార బీమా మొదలయింది. వాన తక్కువైతే పరిహారం వస్తుంది. కరువు జిల్లా కనుక అందరూ కొంటారనుకున్నారు, కొన్నది కొద్దిమందే. పరిశోధకులు వెళ్లి చూడగా రెండు కారణాలు ముఖ్యంగా కనబడ్డాయి. ప్రీమియం కట్టవలసిన సమయానికి చేతిలో పైకం లేకపోవడం ఒకటి. వచ్చిన మనిషి మీద నమ్మకం లేకపోవడం రెండోది. తమకు తెలిసిన సంస్థ మనిషి వెంట వచ్చి మంచిదని చెప్పినప్పుడు ఎక్కువమంది కొన్నారు.

మన పశువుల బీమాకూ ఇదే వర్తిస్తుంది. పైకం చేతిలో ఉండేది బిల్లు రోజున. తెలిసిన మనిషి సంఘం కార్యదర్శి. ఈ రెండూ కలిసే చోటు పాల కేంద్రం ఒక్కటే.

సంఘాలు మరువకూడని మాట

పైన చెప్పినదంతా ఒక్క దానిమీద నిలబడి ఉన్నది. చెప్పిన తేదీకి బిల్లు రావాలి. పదిహేనో రోజు వస్తే అది పొదుపు. ఇరవై అయిదో రోజైనా రాకపోతే అది సభ్యుడు మనకిచ్చిన వడ్డీలేని అప్పు. బిల్లు ఆలస్యమైన చోట సభ్యులు దాణా కోసం నూటికి మూడుకు అప్పు తేవడం మేము చూశాము. కారణాలు ఏవైనా కావచ్చు, ఆ వడ్డీ కట్టింది మాత్రం సభ్యుడు. ఆ ఇంటివారు మరునాటి నుంచి రోజువారీ నగదు ఇచ్చేవారికి పాలు పోస్తే వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. పెద్దమ్మ మాట నిలబెట్టవలసింది మనమే.

ఇప్పుడు చేయవలసినవి

1. సంఘం బిల్లు తేదీని గోడమీద రాయాలి. ఆలస్యమయ్యే పక్షంలో తేదీకి ముందే సభ్యులకు చెప్పాలి.

2. బిల్లు వచ్చిన రోజు సాయంత్రం ఇంట్లో ఆడవారు, మగవారు కలిసి కూర్చొని దాణాకు, ఇంటికి, వట్టి నెలలకు అని మూడు భాగాలు చేయాలి. మూడో భాగం ఎంత చిన్నదైనా సరే, బ్యాంకు ఖాతాలోనో, మహిళా సంఘం పొదుపులోనో ఉంచాలి.

3. ఇష్టమున్న సభ్యులు రాసి ఇస్తే బిల్లులోనే కొంత పొదుపు కింద పట్టే ఏర్పాటును సర్వసభ్య సభలో ఆలోచించాలి. ఎంత పట్టిందీ ప్రతి బిల్లు చీటీ మీద కనబడాలి.

4. దాణా, గాసం, మందులు, వడ్డీ ఖర్చులను ఒక నోటుబుక్కులో ఏడాదిపాటు రాయాలి. చదువురాని పెద్దలుంటే బడికి పోయే పిల్లలతో రాయించాలి.

సభలో చర్చించవలసిన ప్రశ్నలు

మీ సంఘంలో గత ఆరు బిల్లులలో ఎన్ని తేదీకి వచ్చాయి? రోజుకు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చే వ్యాపారి పదిహేను రోజులు పైకం ఆపితే మీరు పాలు పోస్తారా? పోయకపోతే ఎందుకు? కరువు వస్తే అమ్మకుండా నిలబెట్టుకోగల బర్రెలు మీ ఇంట్లో ఎన్ని?

మూడో ప్రశ్నకు జవాబు ఈ ఏడాది పాలున్న నెలలలోనే తయారు చేసుకోవాలి.